నాలుగు హద్దుల చెలక

మొన్న దసరా వెళ్లిన తర్వాత ఒకరోజు, చౌరస్తాలో కూరగాయలు తీసుకుని ఆటో కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి సీతాఫలాలు కుప్ప పోసుకున్న ఒకామె చెయ్యి ఊపి పిలిచింది. సీతాఫలం అంటే నాకు చిన్నప్పటి నుంచీ వెర్రి, షుగరు వచ్చాక ఆ వెర్రి మరీ ముదిరింది. కళ్లు విచ్చిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని, బేరానికి ముందు ఏదో ఒకటి అడగాలి కదా అన్నట్టు, ఎక్కడివమ్మా ఇవి అన్నాను. "సమాధి చెలకవి అమ్మా. ఎల్దుర్తి తొవ్వల ఉంటది. మస్తు తియ్యగుంటయి, తీస్కపో" అందామె. కాయ నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె ధర చెప్పింది, నేను బేరం ఆడకుండానే ఇచ్చేశాను. జీవితంలో నేను బేరమాడకుండా కొన్న పండ్లు అవేనేమో.

ఆ చెలకకు మేం పెట్టుకున్న పేరు అది కాదు. కాగితాల్లో దానికి ఒక సర్వే నంబరు, మా నోళ్లలో మాత్రం అది ఉమ్మడి చెలక. నా వయసు వాళ్లకు ఉమ్మడి అన్న మాట వినగానే వంటిల్లు, ఏరుపడటాలు, తోడికోడళ్ల అలకలు గుర్తుకొస్తాయి. మాకు మాత్రం ఆ మాటతో గుర్తొచ్చేది ఎర్ర మొరం నేల, అందులో ఒక మోదుగ చెట్టు, దాని కింద కూర్చుని బీడీ దాచిపెట్టుకునే మా బావ. అంటే మా ఆయనకు అన్న.

వాళ్లది రేగోడు దగ్గర భూమి ఉన్న ఇల్లే. ఉన్న భూమి అన్నదమ్ముల చదువులకు కొంత, మామగారి జబ్బుకు కొంత కరిగిపోయి, నేను కాపురానికి వచ్చేనాటికి అక్కడ ఒక వేపచెట్టూ దాని నీడా కూడా మావి కావు. బావ కరెంటు డిపార్టుమెంటులో చేరి ఉద్యోగమంతా స్తంభాల మీదే గడిపాడు. మా ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు, నేను మెదక్‌లోనే గవర్నమెంటు బడిలో సైన్సు టీచరును. ముగ్గురం నెల జీతాల మనుషులమే అయినా, అన్నదమ్ములిద్దరూ కలిస్తే మాట మట్టి మీదికే పోయేది. రిటైరైన ఏడాది బావ ఎక్కడో శిబిరానికి వెళ్లి, గడ్డం పెంచుకుని, పర్మాకల్చర్ అనే మాట ఒకటి మోసుకొచ్చాడు. మా అక్కకు, అంటే బావ భార్యకు, ఆ మాట నోరు తిరగలేదు. చివరిదాకా ఆమె దాన్ని అడివి సేద్యం అనే అన్నది, నిజానికి బావ గంటసేపు చెప్పిన దానికన్నా అదే బాగా అర్థమయ్యేది. దున్నకూడదు, కాల్చకూడదు, వాన చుక్కను పొలం దాటనివ్వకూడదు, చెట్టూ తీగా గింజా అన్నీ కలిసి పెరగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, నాలుగిళ్ల వాళ్లు ఒక్క భూమిని పట్టుకుని బతకాలి. బావ ఆశ అంతా ఆ చివరి మాటలోనే ఉండేది.

అట్లా ఐదిళ్లం పోగయ్యాం. బావ వాళ్లూ మేమూ సరేసరి. శివ్వంపేటలో ఇచ్చిన మా ఆడబిడ్డ, ఆమెను నేను వదిన అంటాను, భర్తను ఒప్పించి చేరింది. నా తమ్ముడు చేరాడు. ఐదో ఇల్లు బావ చిన్ననాటి స్నేహితుడిది, మెదక్‌లో మందుల దుకాణం. మా అందరికీ ఆయన అన్నే, చుట్టరికం లేకపోయినా అంతకన్నా ఎక్కువ. ఎవరి దగ్గరా పెద్ద డబ్బు లేదు. అందుకే ఎవరూ ముట్టని రాళ్ల చెలక, బోరు కూడా సరిగా పడని ఏటవాలు నేల, ఎల్దుర్తి తోవలో దొరికింది.

రిజిస్ట్రేషన్ రోజు నాకిప్పటికీ కళ్లముందే ఉంది. దస్తావేజులు రాసే ఆయన ముసలివాడు, చెవి మీద పెన్ను, మా ఐదుగురి ఆధార్ కార్డులు ముందు పరుచుకుని, ఎవరికి ఏ పక్క అని అడిగాడు. ఏ పక్కా లేదు, అందరికీ కలిపి ఒక్కటే అన్నాడు బావ. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందంటరు సార్. ఐదుగురికి ఐదు ముక్కలు రాసుకోండ్రి. రేపు కొట్లాడుకుంటే మళ్ల నా తానికే వస్తరు" అన్నాడు. బావ నవ్వాడు. "ఐదు ముక్కలు రాస్తే ఇరవై హద్దులైతయి పంతులూ. నాకు నాలుగే కావాలె. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, అంతే" అన్నాడు. ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు మాకెవరికీ తెలియదు, బయటికొచ్చి మిర్చిబజ్జీలు తిన్నాం. దస్తావేజుతో పాటు స్టాంపు కాగితం మీద విడిగా ఒక ఒప్పందం కూడా రాసుకున్నాం. మధ్యలో గట్టు వేయరాదు, గోడ కట్టరాదు, బయటివాళ్లకు అమ్మరాదు, వెళ్లిపోదలిస్తే తన వంతు మిగతా నలుగురికే ఇవ్వాలి. పంటలు ఎట్లా పంచుకోవాలి, చుట్టాలు వస్తే ఎన్ని కాయలు కోసుకోవచ్చు, కుక్కను ఎవరు సాకాలి, అన్నీ రాశాం. చచ్చిపోతే ఏం చేయాలో మాత్రం రాయలేదు. పుట్టిన భూమికి జాతకం రాసుకునే రోజున చావు సంగతి ఎవరు ఎత్తుతారు?

ఇక ఆ తర్వాతి ఏడెనిమిదేళ్లూ, నిజం చెప్తున్నాను, నా పెళ్లి కన్నా నాకు ఎక్కువ గుర్తున్న కాలం. మా ఆయన మూడు కర్రలు కట్టి, మధ్యన దారానికి రాయి వేలాడదీసి, దానితో చెలకంతా అడుగడుగునా మట్టం చూస్తూ ముగ్గు పోసుకుంటూ పోయేవాడు. ఆయన వెనక బావ, బావ వెనక గడ్డపారలతో మేమంతా. వాలుకు అడ్డంగా, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, వంకర్లు తిరిగిన కందకాలు తవ్వాం. అన్నిటికన్నా పైన ఉన్న కందకం మోదుగ చెట్టు మొదట్లో మొదలయ్యేది. పైన పడ్డ వాన ఆ కందకంలో నిండి, పొర్లి, కింది దానిలోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి, ఐదో కందకం నిండేసరికి నీళ్లు పరుగు మరిచిపోయి నేలలోకి ఇంకిపోయేవి. మొదటి తొలకరికి అవి నిండినప్పుడు మా ఆయన, ఇంట్లో పప్పులో ఉప్పు లేదన్న సంగతి కూడా నోరు తెరిచి చెప్పని మనిషి, బురదలో నిలబడి కేకలు పెట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నీళ్లను చూస్తూ నిలబడ్డారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

తగాదాలు లేవని కాదు. మాకు తగాదా లేనిదే టీ కూడా దిగదు. కంపోస్టు గుంట ఈశాన్యంలో ఉందని వదిన భర్త నెల రోజులు అలిగాడు, దాన్ని మార్చాం. ఆయన చెప్పిన చోట ఎండ ఎక్కువై కంపోస్టు ఎండింది, మళ్లీ మార్చాం. నా తమ్ముడు ఆదివారం పని దగ్గర గడ్డపార పట్టుకున్నది తక్కువ, ఫోన్ పట్టుకున్నది ఎక్కువ. పదిమందిలో పాము చావదు అని అక్క దెప్పుతూనే వాడికి రెండు జొన్నరొట్టెలు ఎక్కువ వేసేది. కందిచేను మధ్య మునగ, మునగ కింద అనప, కందకాల వెంట సీతాఫలం, వావిలి. దారిన పోయే రైతులు బండ్లు ఆపి, ఇదేం చెలక, పిచ్చి కంప పెంచుతున్నారు అని నవ్వేవాళ్లు. ఎవరిదమ్మా ఈ భూమి అని అడిగితే మా ఐదిళ్లలో ఎవరు అక్కడున్నా చెప్పే జవాబు ఒకటే, మాది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఎవరూ వేలు చూపించేవాళ్లం కాదు, చూపించడానికి ఏముంది గనుక.

అట్లాంటి రోజుల్లో ఒక ఆషాఢం బావ పోయాడు. ముందు రోజు దాకా చెలకలో తిరిగిన మనిషి, గుండెలో నొప్పి అన్నాడు, దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది. మా వైపు భూమి ఉన్న ఇళ్లలో రివాజు మీకు తెలిసిందే. పెద్దవాళ్లను సొంత భూమిలోనే దహనం చేసి, అక్కడే సమాధి కడతాం, పెత్తరమాసకూ పండగకూ అక్కడ దీపం పెడతాం. మెదక్ ఇంట్లో వాకిట్లో శవం ఉంది, వాన పడుతోంది, ఎక్కడికి తీసుకుపోవాలి అని మగవాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటుంటే, అక్క ఏడుపు ఆపి తలెత్తింది. "ఆయనకు ఇంకేడున్నది జాగ? ఊర్ల భూమి అమ్ముకుంటిమి. ఉన్నది గదొక్కటే గద" అన్నది. అంతే. దానికి ఎదురు చెప్పగల నోరు ఎవరికుంటుంది? ఐదిళ్ల వాళ్లమూ తలూపాం, తలూపడమేం, మనసారా ఒప్పుకున్నాం. ఆయన తవ్వించిన మొదటి కందకం పక్కన, ఆయన మోదుగ చెట్టు కిందే, ఆయన్ను సాగనంపాం.

సమాధి కట్టించింది బావ కొడుకు. వాడిని తప్పుపట్టాలని నేనెన్నిసార్లు ప్రయత్నించానో, ఒక్కసారీ మనసు రాలేదు. టౌన్‌లో హార్డువేర్ దుకాణం వాడిది, తండ్రికి మంచి రాయి, మంచి టైల్సు, స్టీలు రెయిలింగు పెట్టాలని వాడి ప్రేమ. నడవలేని తల్లి దీపం పెట్టడానికి వస్తుందని సమాధి దాకా కారు వచ్చే దారి. ఆ దారికీ గచ్చుకూ అడ్డం వచ్చింది ఒక్క కందకమే. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినకుండా తిరిగి, మూడో రోజు వాడి దగ్గరికి వెళ్లి, "కందకం పూడిస్తె పై నీళ్లు ఏడికి పోతయి బిడ్డా, జర ఆలోచన చెయ్" అన్నాడట. "పైపు ఏపిస్త కాక, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు వాడు. అన్న సమాధి ఇక్కడొద్దు అని తమ్ముడు ఎట్లా అంటాడు? దాని పక్కన కందకం ముఖ్యం అని ఏ ముఖం పెట్టుకుని అంటాడు? ఇంటికొచ్చి మా ఆయన ఆ మూడు కర్రల మట్టాన్ని విప్పి అటక మీద పెట్టాడు. 

పైపు వేశారు. ఆకులు పడి అది మొదటి వానకే మూసుకుపోయింది. ఆ నీళ్ల సంగతి తర్వాత చెప్తాను, ముందు మనుషుల సంగతి చెప్పాలి.

మొదట వదిన వచ్చి మా ఇంట్లో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "అన్న అంటే నాకు పానం. గని మా అత్తకు ఎట్ల చెప్పాలె వదినా? సమాధి పక్కపొంటి పండిన వంకాయ ఇంట్లకు తెస్తే ఆమె ముట్టది, మమ్ముల ముట్టనియ్యది" అన్నది. సరే, వాళ్ల కూరగాయల మడి కింది వైపుకు మార్చుకున్నారు. మారిన మడి ఏది, మిగతాది ఏది అని తెలియడానికి నాలుగు రాళ్లు వరసగా పేర్చారు. గట్టు కాదు, ఊరికే రాళ్లు. మిగతా నాలుగిళ్ల వాళ్లం ఆ రాళ్లను దాటుకుంటూ మా పనులు చేసుకున్నాం.

తర్వాత మందుల దుకాణం అన్న. ఆయనకు అప్పటికే రెండు స్టెంట్లు. స్నేహితుడు పోయాక ఇంకా చిక్కిపోయాడు. బావ సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, సమాధి గచ్చు మీద అందరం కూర్చున్నప్పుడు మెల్లగా ఎత్తాడు. "రేపు నేను పోతే నన్ను ఏడ పెడ్తరు? మాకు గూడ ఇంకేడ గుంట భూమి లేదు. బతికుండంగనే అడుగుతున్న, తప్పు పట్టకుండ్రి. జర నాకు గూడ గింత జాగ సూపెట్టుండ్రి" అన్నాడు.  అడిగింది న్యాయమే. ఆయనకు చూపిస్తే మాకు వద్దా? నా తమ్ముడికి వద్దా? ఆ మధ్యాహ్నం, పప్పన్నం ఇంకా కడుపులో ఉండగానే, ఐదిళ్లకూ తలా ఆరడుగులు కొలుచుకున్నాం. ఆ కొలవడంలోనూ పేచీలు. సమాధి దక్షిణాన ఉండాలని అందరికీ దక్షిణమే కావాలి. దక్షిణం ఎంతని ఉంటుంది? ఎండుకట్టెలు పాతి, వాటికి గుడ్డ పీలికలు కట్టి, ఇది మాది, ఇది మీది అనుకున్నాం. ఆ నేల మీద మాలో ఎవరైనా ఇది మాది, అది మీది అనడం అదే మొదటిసారి. ముందు చావు కోసం పంచుకున్నాం. బతుకు కోసం పంచుకోవడం ఆ తర్వాత ఎంతసేపు?

ఇప్పుడు నీళ్ల సంగతి. పై కందకం పూడిపోయింది, పైపు మూసుకుపోయింది. ఆ ఏడు వానలు ఎట్లా పడ్డాయో మెదక్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైనుంచి వచ్చిన నీళ్లు ఆగే చోటు లేక, కారు దారి పట్టుకుని, నిటారుగా కిందికి దూకాయి. కింది కందకాలను ఒకదాని తర్వాత ఒకటి తెంపుకుంటూ, అనపతీగల్ని, మునగమొక్కల్ని ఊడ్చుకుంటూ పోయి, వాన వెలిసేసరికి చెలకను నిలువునా రెండుగా చీల్చేసిన గండి ఒకటి మిగిలింది. లోతు మనిషి నడుము దాకా. మా ఆయన దాని అంచున నిలబడి చాలాసేపు చూశాడు. పూడుద్దామా అని అడిగాను. ఎవరు పూడ్చాలి అన్నాడు. ఆ ప్రశ్న అంతకు ముందు ఆ చెలకలో ఎన్నడూ పుట్టలేదు. పని అంటే అందరిదీ, అంతే. ఇప్పుడు గండికి ఆ పక్కన ఉన్నవాళ్లు అది ఈ పక్కవాళ్ల దారి వల్ల పడిందన్నారు, ఈ పక్కవాళ్లు అది దేవుడి వాన అన్నారు. పూడ్చని గండి మరుసటేడు వాగయింది. ఇంకో ఏడాదికి అందరి నోటా అదే హద్దయింది, వాగుకు అటు, వాగుకు ఇటు. మేం మనుషులం గీయకూడదని ఒట్టు పెట్టుకున్న గీతను వాన గీసి పెట్టింది, మేం దాన్ని ఒప్పుకున్నాం.

సర్వేయరును తీసుకొచ్చింది నా తమ్ముడు. వాడికి పిల్ల పెళ్లి దగ్గరపడింది, వాడి అవసరం వాడిది. గొలుసు లాగారు, రాళ్లు పాతారు, కంచెకు రాతి కడీలు దిగాయి, వాటికి ముళ్లతీగ చుట్టారు. పాత ఒప్పందం రద్దు చేసుకుని విడిగా కాగితాలు చేయించుకోవడానికి మళ్లీ ఆ దస్తావేజుల ముసలాయన దగ్గరికే వెళ్లాం. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు, అంటే బాగుండేది. చెవి మీది పెన్ను తీసి, తూర్పు ఎవరు, పడమర ఎవరు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటూ పోయాడు. ఇరవై హద్దులు. బావ చెప్పిన లెక్క తప్పలేదు.

ఆ తర్వాత చెప్పడానికి కథేమీ లేదు, అందరి ఊళ్లలో జరిగేదే. తమ్ముడు అమ్మాడు. మందుల దుకాణం అన్న పోయాడు, ఆయన తన కోసం గుడ్డపీలిక కట్టించుకున్న చోట కాదు, పట్నంలో, కూతురింట్లో. ఆయన పిల్లలు అమ్మారు. ఫాం ప్లాట్లని బోర్డు పెట్టారు, గేటు పెట్టారు, కందకాల మీద డోజరు నడిపించి సాపు చేశారు. మా ముక్క మధ్యలో పడింది. చుట్టూ తీగ, దానికి దారి లేదు. ఎవరి ప్లాటు గుండా వెళ్లాలన్నా వాచ్‌మన్‌ను అడగాలి. అన్నదమ్ములు చేతులతో తవ్విన నేలలోకి పోవడానికి వాచ్‌మన్ దయ కోసం గేటు బయట నిలబడ్డ రోజున మా ఆయన ఇంటికొచ్చి, ఇచ్చేద్దాం అన్నాడు. ఇచ్చేశాం. కొన్నవాళ్లు అడిగిన ధరకే. వదిన వాళ్లూ అంతే. మిగిలింది ఒక్క బావ వంతు. అక్క అమ్మనన్నది, అమ్ముతానన్నా సమాధి ఉన్న ముక్కను కొనేవాడు లేడు. అక్క ఇప్పుడు మంచం దిగలేదు, కొడుకుకు తీరిక లేదు, ఆ దారిలో కారు పోయి ఎన్నేళ్లయిందో. మనిషి అడుగు పడక, కొడవలి తగలక, బావ నాటిన సీతాఫలాలు మాత్రం అక్కడ కంపలా అల్లుకున్నాయట. కోసుకునేవాళ్లు కోసుకుని అమ్ముకుంటున్నారు. జనం నోట ఆ నేలకు పేరు కూడా మారింది, సమాధి చెలక.

ఆ రోజు పండ్లు తెచ్చి పళ్లెంలో పెట్టి, ఎక్కడివో మా ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఒక పండు విప్పి తిన్నాడు, బాగున్నాయన్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి, ఈ మధ్య మోకాళ్లు, ఆయాసం. గింజలు పళ్లెం అంచున వరసగా పెడుతూ, వేళాకోళానికి అన్నట్టే అన్నాడు: "మా అన్నకు జాగ దొరికింది. నన్ను ఏడ పెడ్తరే మరి?"

 జవాబు ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. టౌన్ అవతల మున్సిపాలిటీ వాళ్ల వైకుంఠధామం ఉంది. రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, ఒక నల్లా. ఒకరి తర్వాత ఒకరిని అక్కడే కాలుస్తారు, కడిగేస్తారు, మర్నాటికి ఇంకెవరో వస్తారు. సమాధి కట్టనివ్వరు, రాయి పెట్టనివ్వరు, ఇది మాది అని ఎవరూ అనడానికి లేదు. గట్టు లేని, గోడ లేని, అమ్మకానికి లేని, అందరికీ కలిపి ఒక్కటైన నేల. మా బావ బతికినన్నాళ్లూ కోరుకున్నది అట్లాంటిదే. మాకు మిగిలిన ఉమ్మడి భూమి ఇప్పుడు అదొక్కటే.